ఎత్తిన చెయ్యి

ఆ ఏడు కాలవలకి నీళ్లు ఆలస్యంగా వదిలారు. నీళ్లు రాకపోతే మా ఊళ్లో ఎండేది పొలాలొక్కటే కాదు. పెడన చుట్టుపక్కల చాలా ఇళ్లు అద్దకం గుడ్డ మీదే బతుకుతాయి. అచ్చు వేసి, రాగి బానలో ఉడకబెట్టిన గుడ్డని పారే నీళ్లలో నడుము లోతున నిలబడి జాడిస్తేగాని రంగు తేరదు. ఆ జాడించే పని ఎక్కువగా ఆడవాళ్లది. మా చర్చి సంఘానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది వాళ్లే. అందుకని నీళ్లు రాని ఆదివారాలన్నీ కాలవ కోసం ప్రార్థన చేయించాను. చివరికి జూలైలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లని అడిగిన వాళ్లలో నేనూ ఒకణ్ణని తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

నీళ్లొచ్చిన వారంలోనే విజయవాడలో సేవకుల సదస్సు, అంటే మాలాంటి పాస్టర్లందరి కూటం. నాకు వెళ్లాలని లేదు. నా భార్య అమలమ్మ పోయాక నేను ఇల్లు వదిలి ఎక్కడా నిద్ర చేయలేదు. ఆవిడ ఉన్నప్పుడు ఇలాంటి వాటికి ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. నేను ప్రసంగాలు వింటుంటే ఆవిడ పక్కన కూర్చుని ఎవరు బాగా పాడారో, ఏ పాస్టరమ్మ చిక్కిపోయిందో చూసి పెట్టేది. కానీ మా అమ్మాయి హెలెన్ కాపురం ఆ ఊళ్లోనే, పటమటలో. అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సదస్సు జరిగే కల్యాణ మండపం వాళ్లింటికి పక్క వీధిలో. ఇంత దగ్గర్లో పెట్టుకుని రాకపోతే తానే వచ్చి లాక్కుపోతానని ఫోన్లో బెదిరించింది. వెళ్లాను.

హాలు నిండా తెల్ల చొక్కాలు. ఏసీ చలికి ముసలి పాస్టర్లు తువ్వాళ్లు భుజాల మీదుగా కప్పుకుని కూర్చున్నారు. కొండపల్లి నుంచి వచ్చిన ఆరోన్ గారు నా పాత స్నేహితుడు. పక్క కుర్చీలో చేతిరుమాలు వేసి నాకోసం ఉంచారు. భోజనాల దగ్గర, అమ్మగారు రాలేదేం అని అడిగారు. చెప్పాను. ఆయన ఏ వాక్యమూ ఎత్తలేదు, ఓదార్చనూ లేదు. తన విస్తట్లో అప్పడం తీసి నా విస్తట్లో పెట్టారు. ఆ సదస్సులో నేను పొందిన మేలు ఏమిటని ఎవరన్నా అడిగితే ముందు ఆ అప్పడమే చెబుతాను.

మర్నాడు మధ్యాహ్నం ముఖ్య ప్రసంగం. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ ప్రసంగీకుడు నాకంటే బాగా చిన్నవాడు. ఆయన్ని మోసగాడని నేను అనను. తన తల్లి జబ్బు గురించి చెబుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే పూడుకుపోయింది. ఆవిడ తన మందుబిళ్లలన్నీ తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టేసిందట. మళ్లీ ముట్టుకోలేదట. ఇవాళ్టికీ లక్షణంగా తిరుగుతోందట. హాల్లో ఏడవనివాళ్లు తక్కువ. నా కళ్లూ తడిశాయి, కానీ అది ఆయన తల్లి కోసం కాదు. అమలమ్మ బిళ్లలూ వేసుకుంది, నమ్మకమూ వదల్లేదు. అయినా పోయింది. ఆ సంగతి దేవుడి దగ్గర ఎలా తేల్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆయన మావైపు తిరిగాడు. మీ సంఘాల్లో బిళ్లల మీద బతుకుతున్న విశ్వాసులు ఎంతమంది అని అడిగాడు. బిళ్ల మీద పెట్టిన నమ్మకం దేవుడి మీద పెట్టమని చెప్పే ధైర్యం మీలో ఎవరికుందని అడిగాడు. నమ్మే సేవకులు చెయ్యెత్తండి అన్నాడు.

నా ముందు వరసలో చేతులు లేచాయి. వెనక లేచిన చప్పుడు వినిపించింది. పొడుగాటి ఇనప చేతికి కట్టిన కెమెరా ఒకటి మా తలల మీద మెల్లగా తిరుగుతోంది. చెయ్యెత్తకపోతే అది నన్నే వెతుక్కుంటూ వస్తుందని భయం వేసింది. ఎత్తాను. ఎత్తాక వచ్చింది. వేదిక మీది పెద్ద తెరలో నా మొహం, నా నెరిసిన జుట్టు, పైకి లేచిన నా కుడిచెయ్యి ఇంతింతవై కనిపించాయి. భయంతో పాటు కాస్త సంతోషం కూడా కలిగిందని దాచను. పక్కన ఆరోన్ గారు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు.

సాయంత్రం హెలెన్ నాకు అన్నం పెట్టి, నీళ్ల గ్లాసు పక్కన నా బీపీ బిళ్ల పెట్టింది. డ్యూటీలో ఉండగానే వార్డులో ఎవరో ఫోన్లో లైవ్ చూపించారట.

"వేసుకో డాడీ. చెయ్యెత్తి బాగా అలిసిపోయుంటావ్" అంది.

నేను నవ్వాను. తను నవ్వలేదు. బిళ్ల వేసుకునేదాకా గుమ్మంలో నిలబడే ఉంది.

శనివారం బస్సు దిగేసరికి మా సంఘపెద్ద బాలశౌరి స్కూటరు వేసుకుని బస్టాండుకి వచ్చాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పుట్టింది గుణదల క్యాథలిక్కుల ఇంట్లో, పెళ్లితో మా సంఘంలోకి వచ్చాడు. చర్చి పైకప్పు రేకుల దగ్గర్నుంచి మైకు దాకా అన్నీ అతని చేతి మీదుగా జరిగినవే. దారంతా తెర గురించే చెప్పాడు. నేను కనిపించిన ఆ ముక్కని అతని భార్య ఫోటో తీసి అందరికీ పంపిందట. అద్దకం కార్ఖానాల్లో ఆడవాళ్లు అన్నాలు తింటూ చూశారట.

"మన ఊరికి పేరొచ్చిందండీ అయ్యగారూ. అంతమందిలో కెమెరా మీ దగ్గరే ఆగిందంటే ఊరికే ఆగిందంటారా?"

ఆదివారం నేను ఆ ప్రసంగం సంగతి ఎత్తలేదు. కాలవలో నీళ్లు ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, దాని మీదే వాక్యం చెప్పి ముగించాను. ఎత్తకపోతే అది అంతటితో పోతుందనుకున్నాను.

మా దగ్గర ఆడవాళ్ల వైపు ఒక కానుక సంచి, మగవాళ్ల వైపు ఒక సంచి తిరుగుతాయి. ఆరాధన అయ్యాక చాప పరిచి, ఆ రెండూ బాలశౌరి నా ముందే విప్పుతాడు. ఆ రోజు ఆడవాళ్ల సంచిలోంచి చిన్న మూట ఒకటి పడింది. ఎర్ర నేల మీద నల్ల తీగ అచ్చు వేసిన గుడ్డ ముక్క, చివరలు కలిపి ముడివేసి ఉంది. విప్పితే బిళ్లల అట్ట. మొదట్లో రెండు మూడు గూళ్లు ఖాళీ. మిగతావన్నీ నిండుగా ఉన్నాయి.

బాలశౌరి దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. ఎవరో తెలిస్తే వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పిద్దామన్నాడు. నేను అతని చేతిలోంచి అట్ట తీసుకున్నాను. వెనక్కి తిప్పి పేరు చదివాను, ఏ జబ్బుకో అర్థం కాలేదు.

ఫోటో తీసి హెలెన్‌కి పంపాను. కాసేపటికి తనే ఫోన్ చేసింది.

"డాడీ, ఇవి ఫిట్స్ బిళ్లలు. ఎవరివి?"

తెలియదన్నాను. ఎక్కడ దొరికాయో చెప్పాను.

"ఇవి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఇంకా గట్టిగా వస్తాయి. ఎప్పుడొస్తుందో చెప్పలేం. పొయ్యి దగ్గరుండగా రావచ్చు, నీళ్లలో ఉండగా రావచ్చు. ముందు మనిషిని పట్టుకో."

నీళ్లు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎవరికైనా వస్తే ఏం చెయ్యాలో, పక్కకి ఎలా తిప్పి పడుకోబెట్టాలో తను చెబుతుంటే విని మళ్లీ అప్పజెప్పాను. ఆ సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగాను. నేరుగా అడిగితే ఎవరూ చెప్పరు. మా వైపు ఆడవాళ్లు చక్కెర జబ్బునైనా చెబుతారుగాని ఫిట్స్ అని పైకి అనరు. ఒంట్లో ఎలా ఉందమ్మా అని మాత్రం అడిగాను. అందరూ బాగుందనే చెప్పారు, టీ పెట్టి ఇచ్చారు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి వైపు, నీళ్ల తొట్టి వైపు చూస్తూ తాగాను. ఆడవాళ్ల వైపు సంచి తిప్పే సీతమ్మ ఆరాధన అవగానే గుడివాడలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. పొద్దున పనికి నేరుగా కాలవకే వస్తుందని ఇంట్లో చెప్పారు.

సోమవారం పొద్దున్నే కాలవ రేవుకి వెళ్లాను. గట్టు పొడుగునా తడి గుడ్డలు పరిచి ఉన్నాయి. సీతమ్మ చెంగు దోపుకుని నీళ్లలోకి దిగబోతోంది. అచ్చు గుడ్డ ముక్క చూపించాను. ఆవిడ నవ్వు మొహం అలాగే గట్టిపడింది.

"ఇది నాగవేణిదండీ. బిళ్లలు దీన్లోనే కట్టుకుని బొడ్లో దోపుకుంటది."

నాగవేణి మా సంఘంలో పేరున్న మనిషి కాదు. వాళ్లది హిందూ కుటుంబం. భర్త ఉమామహేశ్ అచ్చులు వేస్తాడు. పెళ్లయి కొన్నేళ్లే అయింది. సీతమ్మ వెంట ఆమె అప్పుడప్పుడు వచ్చి తలుపు దగ్గర కూర్చునేది. ఆశీర్వాద ప్రార్థన పూర్తికాకుండానే వెళ్లిపోయేది. ఇంట్లో తెలియకుండా వస్తోందని నాకు తెలుసు. అందుకే ఎప్పుడూ పలకరించి ఇబ్బంది పెట్టలేదు.

రేవుకి చివర, అందరికంటే లోతులో నిలబడి ఆమె గుడ్డ జాడిస్తోంది. నడుము దాటి నీళ్లు. ఎరుపు ఆమె చుట్టూ మబ్బులా విడిపోయి కిందికి సాగిపోతోంది. నాకు ఈత రాదు.

"నాగవేణీ, ఒకసారి పైకి రామ్మా" అన్నాను.

నన్ను చూసి ఆమె చటుక్కున తడి చెంగు తలమీదికి లాక్కుంది. "వందనాలండీ అయ్యగారూ. ఈ తానొక్కటి తేర్చేసి వస్తానండీ."

ఆ తాను పొడుగు చూశాను. చేతిలో అట్ట పైకెత్తి చూపించాను. ఆమె మొదట బెదిరింది, భర్తకి చెప్పొద్దని బతిమాలింది. తర్వాత నేను తిట్టడానికి రాలేదని అర్థమై, మొహం విప్పారింది. శుక్రవారం నుంచి బిళ్ల ముట్టలేదని, ఏమీ కాలేదని, ఒళ్లు తేలిగ్గా ఉందని సంబరంగా చెప్పింది. నేను గట్టు చివరిదాకా జరిగాను.

"ఆపెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదు కదమ్మా."

"చెప్పలేదండీ. చెయ్యెత్తారుగా. సీతమ్మక్క ఫోన్లో చూశాను." గుడ్డని ఒకసారి నీళ్ల మీద కొట్టింది. "మీరు ఊరికే చెయ్యెత్తే మనిషి కాదు గదండీ."

నా దగ్గర జవాబు ఉంది. కానీ అది చెప్పడానికి పట్టే సేపంతా ఆమె నీళ్లలోనే ఉంటుంది. వాదిస్తే వినదు, బెదిరిస్తే ఇంకా లోపలికి జరుగుతుంది. ప్రార్థన చేస్తాను, పైకి రమ్మన్నాను. ప్రార్థన అంటే ఆమె వస్తుందని తెలిసే అన్నాను. తాను చివర సీతమ్మకి అందించి, మెట్ల మీదుగా ఎక్కి వచ్చింది. గట్టు మీద తడి చీరతోనే మోకరించి కళ్లు మూసుకుంది. సీతమ్మా మూసుకుంది.

నేను మూసుకోలేదు. ఇన్నేళ్ల సేవలో కళ్లు తెరుచుకుని ప్రార్థన చేయడం అదే మొదలు. ఆమె మొహం చూస్తూ ఏదో మాట్లాడుతున్నాను, ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆమె పెదవులు నా మాటల వెనకే ఆమెన్, ఆమెన్ అంటున్నాయి. ఒక ఆమెన్ సగంలో ఆగింది. కళ్లు తెరిచింది, కానీ అవి నన్ను చూడటం లేదు. మెడ ఒక పక్కకి తిరగడం మొదలైంది.

పడకముందే పట్టుకున్నాను. సీతమ్మ వచ్చి కాళ్లు పట్టుకుంది. ఎవరో తాళాలగుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, చేతిలో ఇనుము పెట్టాలని. వద్దని చెప్పి, హెలెన్ చెప్పినట్టు పక్కకి తిప్పి పడుకోబెట్టాను. తల కింద నా కండువా పెట్టాను. ఆమె తల ఆ కండువా మీద కొట్టుకుంటుంటే నేను కాలవ వైపు చూశాను. ఆమె ఇంతసేపూ నిలబడిన చోట నీళ్లు ఎర్రగా, ఏమీ ఎరగనట్టు పారుతున్నాయి.

ఆటోలో బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి మళ్లీ ఒకసారి వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చాక నిద్రపోయింది. కబురు తెలిసి బాలశౌరి వచ్చాడు, నన్ను వరండా చివరికి తీసుకెళ్లాడు. అవతలి వాళ్లు మనవాళ్లు కాదని, ఈ రోజుల్లో ఇలాంటివి ఎక్కడిదాకా వెళతాయో తెలియదని, బిళ్లల మాట, సంచి మాట ఎత్తొద్దని చెప్పాడు. దారిన పోతూ చూసి ఆసుపత్రికి తెచ్చానని చెబితే చాలట.

నాకూ భయం వేసింది. చర్చి రేకుల మీద రాళ్లు పడిన చప్పుడు అప్పుడే వినిపించినట్టయింది.

ఉమామహేశ్ వేళ్ల నిండా నల్లరంగుతో వచ్చాడు. వెనక అతని తల్లి చౌడేశ్వరమ్మ. అతను ముందు లోపలికెళ్లి భార్యని చూసి వచ్చాడు. తర్వాత నా ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. నేను భయపడినట్టు అరవలేదు.

"మీరే గదండీ చర్చి పాస్టరుగారు? బిళ్లలు నేనే తెచ్చి ఇస్తాను. ఎందుకు ఆపిందో మీకేమన్నా తెలుసా అండీ?"

బాలశౌరి దగ్గాడు. అంతకుముందు హాల్లో చెయ్యెత్తినప్పటి భయమే ఇదీ. అందరూ ఏం చేస్తే అది చేసెయ్యమంటుంది.

"తెలుసు బాబూ. నేను ఒక చోట చెయ్యెత్తాను. అది చూసి ఆపింది."

అతనికి అర్థం కాలేదు. మొదటినుంచి చెప్పాను, తెరతో సహా. చౌడేశ్వరమ్మ మధ్యలోనే లేచి, మీ దేవుడికి మా పిల్లే దొరికిందా అంది. అంతకంటే ఆవిడ ఏమీ అనలేదు. వెళ్లి కోడలి కాళ్ల దగ్గర కూర్చుని తడి చీర అంచులు పిండటం మొదలుపెట్టింది.

ఉమామహేశ్ వేళ్ల మీది నల్లరంగు గోటితో గీకాడు. "ఆదివారాలు మీ దగ్గరికి వస్తదని నాకు తెలీదనుకుంది. ఆ పూట మొహం తేటగా ఉండేది. పోన్లే అని ఊరుకున్నాను" అన్నాడు. బల్ల మీంచి లేచి, "ఇంక రాదండీ" అన్నాడు.

నేను తలూపాను.

సాయంత్రానికి నాగవేణికి తెలివొచ్చింది. నర్సు బిళ్ల ఇస్తే నోరు తెరవలేదట. దేవుడికి ఇచ్చేశాను, మళ్లీ తీసుకుంటే ఏమవుతుందోనని ఏడుస్తోందట. ఉమామహేశ్ వరండాలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేను చెబితే మింగట్లేదు. మీరే చెప్పాలి" అన్నాడు. ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమైందో మొహంలో కనిపించింది.

లోపలికెళ్లాను. ఆమె నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. నిన్నటి నుంచి నా దగ్గరే ఉన్న అట్ట జేబులోంచి తీశాను. అచ్చు గుడ్డ ముక్కతో సహా ఆమె ముందు పెట్టాను.

"ఇవి సంచిలో వేశావు. సంచి నా చేతికొచ్చింది. తిరిగి నీకే ఇవ్వమని నాకు అనిపించింది తల్లీ."

"దేవుడే చెప్పాడా అండీ?"

అవునంటే వెంటనే మింగుతుంది. కానీ దేవుడి తరఫున ఒకసారి చెయ్యెత్తి చూశాను. మళ్లీ ఎత్తడానికి భయం వేసింది.

"నాకు తెలీదమ్మా. నేను మాత్రం రోజూ ఒక బిళ్ల వేసుకుంటాను. బీపీకి. అమ్మగారు కూడా వేసుకునేది, వేసుకునే ముందు దండం పెట్టుకునేది."

ఆమె చాలాసేపు నా మొహం చూసింది. ఊరికే చెయ్యెత్తే మనిషినో కాదో చూస్తున్నట్టు. తర్వాత అరచెయ్యి చాపింది. బిళ్ల వేసుకుందో లేదో చూడటానికి చౌడేశ్వరమ్మ ముందుకు వంగింది. నేనూ వంగాను. ఆమె గొంతు ఒకసారి కదిలింది.

ఆ తర్వాతి ఆదివారం నేను వాక్యం ఎత్తకముందు నీళ్ల సీసా, నా బీపీ బిళ్ల బల్ల మీద పెట్టాను. సదస్సులో ఆ చెయ్యి నమ్మి ఎత్తలేదని, భయపడి ఎత్తానని చెప్పి, అందరూ చూస్తుండగా బిళ్ల వేసుకున్నాను. సీతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాలశౌరి లేచి, మైకు ఆపి, బయటికి వెళ్లాడు. అతని వెంట మరికొన్ని ఇళ్లవాళ్లు వెళ్లారు. ఇప్పుడు వాళ్లు ఆదివారాలు అతని వరండాలో కూడుకుంటున్నారు. ఎదురైతే ఇద్దరం వందనాలు చెప్పుకుంటాం, అంతే. ఆరోన్ గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెబితే, ఎప్పుడైనా కొండపల్లి రమ్మన్నారు, అప్పడాలు వేయిస్తామన్నారు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

నాగవేణి మళ్లీ చర్చికి రాలేదు. కాలవలో ఇప్పుడు లోతుకి దిగదని, గట్టు మీద ఆరేసే పనే చేస్తుందని సీతమ్మ చెప్పింది. కాలవలకి నీళ్లు కట్టేసేవరకు నేను రేవు వైపు వెళ్లలేదు.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక ఆదివారం ఆడవాళ్ల సంచి విప్పుతుంటే మళ్లీ ఒక మూట పడింది. అదే ఎరుపు, అదే నల్ల తీగ. ముడి వేళ్లకి ఊడిరాలేదు. పంటితో లాగాను.

ఖాళీ అట్ట. గూళ్లన్నీ చితికి ఉన్నాయి.

సీతమ్మ వైపు చూశాను. ఆమె చేత్తోనే సంచిలో పడిందని తెలుసు. ఏమీ ఎరగనట్టు చాప అంచు సర్దుతోంది.

అప్పటినుంచి నెలకోసారి ఒక అట్ట వస్తోంది. మింగి పంపుతోందో, బిళ్లలు కాలవలో పారేసి పంపుతోందో నాకు తెలిసే దారి లేదు. వచ్చిన ప్రతిసారీ వెలుతురుకి ఎత్తిపట్టి, ఒక్కొక్క గూడూ వేలితో తడిమి చూస్తాను. అన్నీ ఖాళీయే అని తెలిశాక ప్రార్థన చేస్తాను, కళ్లు మూసుకోకుండా.